పక్కన మనిషి

తాళాలాయన పని మొదలుపెట్టే తీరు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. తాళం తీయమని పిలిచిన ఇంటివాళ్ళు ఆయన పక్కనే నిలబడాలి. నిలబడితే చాలదు, గట్టిగా మాట్లాడుతూ ఉండాలి. “ఇల్లు మీదేనని నలుగురికీ వినబడాలండీ. ఏదో ఒకటి మాట్లాడండి, నన్ను తిట్టినా సరే” అంటాడు. సంచిలోంచి పనిముట్టు తీసే ముందు ఏం తీస్తున్నాడో పైకి చెబుతాడు. ఎంత ఉక్కపోసినా షాపు పేరున్న నారింజరంగు కోటు విప్పడు. పరాయి మెట్లమీద పరుగెత్తడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే తంతు.

ఆయన భాగస్వామికి ఈ తంటాలేవీ లేవు. అతను తెల్లజాతివాడు, ఈయన నల్లజాతివాడు, అంతే తేడా. షాపు ఒకటే, పని ఒకటే, పనితనమంటారా, ఈయనదే ఒక మెట్టు పైన. అయినా భాగస్వామి చిరుగుల బనీనుతో వెళ్ళి ఎవరి తలుపు ఊడదీస్తున్నా, దారినపోయేవాళ్ళు “పాపం, తాళంచెవి పోయిందా?” అని జాలిపడతారు. అందుకే ఈయన అతన్ని “దొరా” అని ఏడిపిస్తాడు. దొర నవ్వేస్తాడు. నవ్వక ఏం చేస్తాడు, నొప్పి తనది కాదుగా!

నొప్పి ఈయన కుడిభుజంలో ఉంది. ఎనిమిదేళ్ళ కిందట, ఈ తంతు తప్పిన ఒకే ఒక్కరోజు, ఒంటరిగా ఒక తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని పని చేస్తుంటే, ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. చేతిలోని స్క్రూడ్రైవర్ వాళ్ళకు కత్తిలా కనబడిందట. ఆ రోజు వెనక్కి విరిచిన చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. “పక్కన మనిషి లేకుండా ఇంకో తాళం ముట్టుకున్నావో, నామీద ఒట్టే” అంది భార్య ఆస్పత్రిలోనే.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది.

“మా అమ్మ ఒక్కతే ఉంటుందండీ. షుగర్ మనిషి. పొద్దుట్నుంచి ఫోనెత్తట్లేదు. నేనొచ్చేసరికి గంట పడుతుంది. అంబులెన్సుకీ చెప్పాను, మీరే ముందు చేరతారు. తలుపు తీసెయ్యండి, మీకు పుణ్యముంటుంది.”

మూడో అంతస్తు. ఎదురెదురుగా రెండే తలుపులు. తాళాలాయన పెద్దావిడ తలుపుకు చెవి ఆనించాడు. లోపల మూలుగు. మామూలు తాళమే, ఆయన చేతికి మూడు నిమిషాల పని.

“వస్తున్నానమ్మా, కాస్త ఓపిక పట్టండి” అని కేకేసి, ఎదురింటి తలుపు తట్టాడు. లోపల ఎవరో కన్ను ఆనించి చూస్తున్నట్టు తలుపులోని గాజుకన్ను నల్లబడింది.

“ఎవరు?” అంది మగగొంతు.

“తాళాలు తీసేవాణ్ణండీ. ఎదురింటి పెద్దావిడ లోపల పడిపోయినట్టున్నారు. బయటికొచ్చి ఒక్క మూడు నిమిషాలు నా పక్కన నిలబడండి చాలు.”

“పోలీసులకి చెప్పేశాను. కదిలావంటే బాగుండదు.”

తాళాలాయన పెద్దావిడ కొడుక్కి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి తలుపు దగ్గర పట్టుకున్నాడు. కొడుకు బతిమాలాడు, అరిచాడు.

“ఎవడి గొంతో వినిపిస్తే నమ్మేయాలా?” అంది తలుపు వెనక గొంతు.

మూడు నిమిషాలే. కానీ రెండో నిమిషంలో బూట్ల చప్పుడు మెట్లెక్కితే? అప్పుడు తను వాళ్ళవైపు వీపు పెట్టి, చేతిలో ఇనుము పట్టుకుని ఉంటే? ఆయనకు భయమేసింది. దొరకు ఫోన్ చేశాడు.

“పావుగంటలో అక్కడుంటా, అన్నా. నువ్వు తీసెయ్, ఏం కాదు!”

“నీకు ఏం కాదు దొరా” అన్నాడు తాళాలాయన. ఈసారి ఏడిపించడానికి అన్న మాట కాదు.

సంచిని దూరంగా నెట్టేసి, మెట్టు మీద కూర్చుని, అరచేతులు పైకి కనబడేలా మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. “అమ్మా, వింటున్నారా? వచ్చేస్తున్నారమ్మా” అంటూనే ఉన్నాడు. మొదట్లో మూలుగు బదులిచ్చింది. తర్వాత సన్నబడింది. రెండుసార్లు ఆయన చెయ్యి సంచివైపు వెళ్ళింది. రెండుసార్లూ “కదలొద్దన్నానా!” అని గొంతు గద్దించింది. ఆ తర్వాత పెద్దావిడ తలుపు వెనక నుంచి ఏమీ వినబడలేదు.

దొర మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. వస్తూనే తాళం ముందు కూర్చుని పని మొదలుపెట్టాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

“తొందరగా తియ్యండి సార్, పెద్దావిడ ఏమైందో ఏమో!” అన్నాడు ఎదురింటాయన.

తలుపు తెరుచుకునేసరికి పోలీసులు వచ్చారు. “సాయం కావాలా?” అని దొరను అడిగారు. ఒకడు మాత్రం తాళాలాయన ఎదుట నిలబడి, కదలనివ్వలేదు. వెనకే వచ్చిన అంబులెన్సువాళ్ళు లోపలికెళ్ళి, ఖాళీ స్ట్రెచర్‌తో బయటికొచ్చారు. కాస్త ముందు తెరిచి ఉంటే దక్కేదన్నారు.

కొడుకు వచ్చి తల్లిని చూశాడు. బయటికొచ్చి తాళాలాయన ముందు నిలబడ్డాడు.

“ఈ తాళం తియ్యడానికి మీకెంతసేపు పడుతుంది?”

ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. “మూడు నిమిషాలండీ.”

“మరి పక్కన ఎవరూ రాకపోతే మాత్రం, ఇక్కడ ఏం చేస్తూ కూర్చున్నారు?”

తాళాలాయన నోరు తెరిచాడు. అంతలో, ఇందాక పిలిస్తే రాని మనిషి వచ్చి ఆయన పక్కనే నిలబడ్డాడు.

“ఏమీ చెయ్యలేదండీ” అన్నాడు ఎదురింటాయన. “మొదట్నుంచీ కళ్ళారా చూస్తూనే ఉన్నాను. లోపల మీ అమ్మగారు మూలుగుతుంటే, ఇదిగో, ఇలాగే కూర్చున్నాడు.”