పన్నెండు డబ్బాలు, పద్నాలుగు లీటర్లు

కొండ మీది మా ఆర్మీ పోస్టుకు చేరిన మొదటి వారంలో మేం పోగొట్టుకున్నవి ఇవి: గాలికి ఒక చేతి తొడుగు, లోయలో పడ్డ ఒక పార, పన్నెండు డబ్బాల కిరోసిన్‌లో పద్నాలుగు లీటర్లు. తొడుగూ పారా ఎటు పోయాయో చూశాను. కిరోసిన్ పోవడం ఎవరూ చూడలేదు.

లద్దాఖ్ వైపు, నవంబరు నెల. పదిహేను వేల అడుగుల ఎత్తు. ఉదయం తలుపు దగ్గరి థర్మామీటరులో మైనస్ ఇరవై. రాతిగోడల బంకరు, మధ్యలో ఇనుప పొయ్యి, ఏడుగురం. అక్కడ నీళ్లు ఎనభై అయిదు డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. కిరోసిన్ లేకపోతే మంచు కరగదు, తాగడానికి నీళ్లుండవు. ఆ చలిలో ఏం చేసేవాడివని ఎల్‌బీ నగర్‌లో మా కాలనీవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. కిరోసిన్ లెక్క చూసేవాణ్ని.

నాయక్ హోదాలో స్టోరు బాధ్యత నాది. చదివింది పదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. డబ్బాకు ఇరవై లీటర్లు ఉండాలి. గీతలు పెట్టిన కర్ర ముంచి చూశాను. పదకొండు డబ్బాల్లో పందొమ్మిదేసి లీటర్లు. మిగిలిన ఒక్కదానిలో పదిహేడు.

వాటిని మైదానంలోని డిపోలో నింపించి, రోడ్డు చివరిదాకా లారీలో తెచ్చి, అక్కడి నుంచి జవాన్లతో కలిసి మోసుకొచ్చినవాడు మా డ్రైవరు. గడ్డిఅన్నారం వాడు. మా వైపువాడని అతన్ని ఇంకాస్త గట్టిగా గమనించాను.

పోస్టుకు పెద్ద అయిన హవల్దార్ సాబ్ హిందీలో ఒకే మాట అన్నాడు: "లెక్క తేలేదాకా డ్రైవరుకు సెలవు లేదు."

డ్రైవరు భార్యకు తొలి కాన్పు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ఆ వారంలో కొండ దిగకపోతే అతను సమయానికి చేరలేడు.

"అన్నా, పద్నాలుగు లీటర్లు ఏడ దాస్త? జేబులనా?" అన్నాడు నాతో. "గీ కొండ మీద ఎవనికి అమ్మాలె? మంచుకా?"

"దారిలో అమ్మొచ్చు."

"నీ లెక్కలు పాడుగాను! నీ పెండ్లిల గూడ విస్తర్లు లెక్కవెట్టి ఉంటవ్."

పెట్టాను. అతనికి చెప్పలేదు.

అతన్ని దొంగ అనకుండా నన్ను ఆపింది ఆ పదకొండు డబ్బాలు. దొంగ చేతికొచ్చినంత ఒంపుకుంటాడు గానీ, డబ్బాకు సరిగ్గా ఒక్కో లీటరు కొలిచి తీయడు. ఒక డబ్బాను బంకరులోకి తెప్పించి, పొయ్యికి దూరంగా గోడ పక్కన పెట్టించాను. లోపల పది డిగ్రీలు. సాయంత్రం మళ్లీ కర్ర ముంచితే మట్టం పెరిగింది. ఆరువందల మిల్లీలీటర్లు. ఎవరూ పోయలేదు. పగలంతా ఆ మూత మీద కూర్చున్నది నేనే.

"డిపోలో ఎప్పుడు నింపారు?" అని డ్రైవర్ని అడిగాను.

"పట్టపగలు అన్నా. ఎండ మస్తుండె. ముప్పై డిగ్రీలు ఉంటుండె."

మైనస్ ఇరవై నుంచి పదికి, ముప్పై డిగ్రీల తేడాకు ఆరువందలు పెరిగితే, డిపోకూ ఇక్కడికీ ఉన్న యాభై డిగ్రీల తేడాకు లీటరు తగ్గాలి. కిరోసిన్ చలికి ముడుచుకుంటుంది. డబ్బాకు లీటరు చొప్పున పన్నెండు లీటర్లను ఎవరూ ముట్టుకోలేదు. ఇక మిగిలింది ఆ ఒక్క డబ్బా, రెండు లీటర్లు.

హవల్దార్ సాబ్ కింది పోస్టుకు రేడియోలో చెప్పాడు: "పన్నెండు చలికి తగ్గాయి. రెండు కారిపోయాయి. డ్రైవరు రేపు దిగుతాడు. ఓవర్."

"కారలేదు సాబ్. డబ్బా అడుగు పొడిగా ఉంది," అన్నాను.

"ఓవర్ అన్నాను కదా," అన్నాడాయన నా వైపు తిరిగి.

మర్నాడు ఉదయం డ్రైవరు దిగిపోయాడు. అతనికి కూతురు పుట్టింది. పుట్టే వేళకు దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఉన్నాడు.

నేను రిటైరై ఇంటికొచ్చాను. అతనూ వచ్చేశాడు. ఇప్పుడు సొంత ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. మొన్న ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ కింద కనబడి చాయ్ తాగించాడు.

"అన్నా, గా రెండు లీటర్లు దొరికినయా?" అని నవ్వాడు.

"కొండ దిగిపోయిన పొద్దున నీ నీళ్ల సీసాలో ఏముంది?"

నవ్వు ఆగింది. "చాయ్. వంటాయన పోసిండు."

వంటాయన గుంటూరువాడు. ఆ పొద్దున నేను టీ అడిగితే అతను చెప్పిన జవాబు నాకు గుర్తుంది: "పొయ్యే ఇంకా వెలిగించలేదండీ నాయక్ గారూ, టీ ఎక్కణ్నుంచి తెమ్మంటారు?"

కళ్లు మూసుకుంటే ఇప్పటికీ అదే కనబడుతుంది. తెల్లటి వాలు మీద దిగిపోతున్న వీపు, నడుం పక్కన వేలాడే సీసా. మా అందరి సీసాల్లో నీళ్లు రాయిలా గడ్డకట్టాయి. అతని సీసా మాత్రం అడుగడుక్కీ గలగలమంటోంది. అంత చలికీ కిరోసిన్ గడ్డకట్టదు. కింద లారీ ట్యాంకులో డీజిల్ మైనంలా చిక్కబడుతుంది. దానికి కాస్త కిరోసిన్ కలిపితే బండి కదులుతుందని అక్కడ డ్రైవర్లందరికీ తెలుసు.

ఆ సీసా పట్టేది ఒక లీటరు. అందులో ఉన్నది కిరోసినే అనుకున్నా, ఇంకో లీటరుకు ఎవరో ఒకరు నాకు లెక్క చెప్పాల్సే ఉంది.