పాము కథకు వేరే పేజీ

రిటైరైనా జనం నన్ను వదలరు. ఈ తమిళ సీమలో, మా ధర్మపురిలో నా దగ్గర చదవని ఇల్లు తక్కువ. "మా చర్చి తేరు పండుగకు పునీతుడి చరిత్ర తమిళంలో రాసివ్వండి టీచరమ్మా" అని ఫాదర్ అడిగినప్పుడు, "మేము హిందువులం కదయ్యా" అన్నాను. "మాకు చరిత్ర టీచరే కావాల" అన్నారాయన.

అయినా ఆ పునీతుడు మాకు కొత్తా? గుర్రమెక్కి పామును పొడిచే సామి. చిన్నప్పుడు నా చేతులనిండా పులిపిర్లు లేస్తే, మా అమ్మ కంబైనల్లూరు నుంచి బస్సులో తీసుకొచ్చి ఆయన ముందర మొక్కుగా ఉప్పూ మిరియాలూ పోయించింది. ఈ పక్క అందరూ చేసేదే, ఎవరూ మతం అడగరు.

పుస్తకాలు తిరగేస్తే గట్టిగా తెలిసింది పిడికెడు. పాము కథ ఆయన పోయిన ఎన్నో వందల ఏండ్లకు పుట్టింది. అందుకే 'మనకు తెలిసింది' ఒక పేజీ, 'జనం చెప్పుకునేది' ఇంకో పేజీ రాసి ఫాదర్ ఫోనుకు పంపినాను.

తేరు కమిటీ పెద్దాయన అది చదివి మండిపడినాడు. "మా సామి పామును చంపలేదంటారా? మీ దేవుళ్ల గురించి ఇట్ల రాస్తారా?"

నాకూ ఒళ్లు మండింది. "కడదాకా చదివినారా అయ్యా? రెండో పేజీలో మా అమ్మ మొక్కు కూడా ఉంది. పులిపిర్లు మొక్కుతో పోయినాయా, వాటంతట అవే పోయినాయా నాకు తెలీదని రాసినాను. మా ఇంటికొక కొలత, మీ గుడికొక కొలత పెట్టలేదు. ఒక్క మాట మార్చినా నా రాత నాకిచ్చేయండి!"

ఫాదర్ నవ్వుతా, "ఆదివారం పూజ అయినాక అందరి ముందరా చదవండి. జనం వద్దంటే అచ్చు వేయం" అన్నారు.

ఆదివారం లేచి నిలబడి చదివినాను. పాము కథ దగ్గరికి వచ్చేసరికి గుసగుసలు మొదలైనాయి. ముందు వరసలో ఒకామె లేచి, "పాము పోతే మా సామికి ఇంకేం మిగిలె?" అనింది.

మొదటి పేజీ మళ్లీ చదివినాను. నమ్మినదాన్ని వదలమన్నారు, వదలనన్నాడు, చంపినారు. చాలా పాతకాలం నుంచి జనం గుర్తుపెట్టుకున్నది ఇదే. ఇంతకంటే గట్టిగా చెప్పలేము.

పెద్దాయన లేచినాడు. "పామును చంపేదానికి చేతిలో ఈటె ఉండె" అన్నాడు. "నమ్మింది వదలకుండా చావుకు నిలబడేదానికి ఏముండె? ఫాదర్, ఒక్క అక్షరం తీయొద్దు."

పండుగ రోజు తేరు కదిలే ముందర ఆయనే మైకు పట్టుకొని రెండు పేజీలూ చదివినాడు. 'తెలీదు' అన్నచోటల్లా గొంతు ఇంకా పెంచినాడు. అబ్బ, నా సర్వీసులో ఏ పిల్లకాయా నా పాఠాన్ని అంత ధైర్యంగా అప్పజెప్పలేదు!