ఓజెల్లా కేకులో ఏడుపు చార

శనివారం మధ్యాహ్నం మా వీధిలో అందరూ పిల్లుల్లా నడిచేవారు. ఓజెల్లా ఓవెన్‌లో కేకు ఉండేది మరి. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు మా బాల్టిమోర్‌లో. ఒక ఇంట్లో గెంతితే పక్కింట్లో గిన్నెలు కదిలేవి. నేల అదిరితే వెన్న కేకు కుంగిపోతుందని అందరి నమ్మకం. కుంగిన కేకును కోస్తే నడుమ తడితడిగా ఒక గీత కనిపిస్తుంది. దాన్ని మావాళ్లు ఏడుపు చార అంటారు.

ఓజెల్లా వారమంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. వీధికి మాత్రం ఆమె కేకుల ఓజెల్లా. పెళ్లయినా, చావయినా చర్చిలో ఆమె కేకే కోయాలి. అందులో ఆ చారను చూసినవాళ్లు లేరు.

ఆ ఏడు ఆమె తమ్ముడు లూషియస్ పెద్ద జ్వరాన పడి లేచాడు. లేచాడే గాని ముద్ద మింగడు. చర్చివాళ్లు పంపిన కోడి వేపుడు, పీతల సూపు అలాగే చల్లారిపోయేవి. చొక్కా లోపల మనిషి ఉన్నాడో లేడో అన్నట్టయ్యాడు. ఏం తింటావురా అని అక్క బతిమాలితే ఒకటే మాట: "అమ్మ చేసే కేకు. ఏడుపు చారతో."

వాళ్లమ్మ ఓవెన్ ఒక పక్కకి ఒరిగి ఉండేదట. ఆమె కేకులన్నీ ఏడ్చేవేనట.

ఓజెల్లా ఒకటికి రెండుసార్లు చేసి చూసింది. రెండుసార్లూ కేకు దొరసానిలా లేచి కూర్చుంది. మధ్యలో ఓవెన్ తలుపు తీస్తే అదే కుంగిపోదా అన్నాను, ఎదురింటి దాన్ని కదా, చనువు.

"తీద్దామనే వెళ్లానే. ఈ పాడు చెయ్యి రాలేదు!"

మరుసటి శనివారం మెట్ల మీదికొచ్చి పక్కింటి క్లియాన్‌ని పిలిచింది. అడుగున ఇనుప బిళ్లలున్న బూట్లతో థియేటర్లో నాట్యం చేసే కుర్రాడతను. శనివారాలు ఆ బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

"నాయనా, బూట్లు తొడుక్కో. మా వంటింట్లో ఆడు."

"లోపల కేకు ఉందిగా, మిస్ ఓజెల్లా?"

"ఉంది కాబట్టే రమ్మంటున్నా."

"నా మీద కోపముంటే రెండు తిట్టండి. ఇలా ఇరికించకండి. రేపు చర్చిలో ఆడవాళ్లు నన్ను బతకనిస్తారా?"

లాక్కెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. క్లియాన్ మునివేళ్ల మీద భయంభయంగా మొదలుపెట్టాడు. కుర్చీలో కూర్చున్న లూషియస్‌కి అది నచ్చలేదు.

"డబ్బులిచ్చి చూసేవాళ్లే నిద్రపోతారట నీ ఆటకి. కేకునేం కదిలిస్తావురా?"

అంతే. నేల దద్దరిల్లింది. గోడకున్న పెనాలు గలగలలాడాయి. "నెమ్మదిరా! ఓవెన్‌లో కేకుంది!" అని అలవాటు కొద్దీ అరిచేసి, ఓజెల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కేకు చల్లారాక కోసింది. మెడలు చాచి చూశాం. చార ఉంది, దారమంత. నాట్యానికే పడిందో, ఈసారి ఆమె చెయ్యే మెత్తబడి ఓవెన్ తలుపు తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎప్పుడడిగినా నవ్వేది.

లూషియస్ ముక్క విరిచి, ముందు ఆ చారే తిన్నాడు.

"అమ్మదైతే వేలంత లావుండేది," అన్నాడు.

ఓజెల్లా నడుం మీద చేతులు పెట్టుకుంది. "బుద్ధెరిగాక మొదటిసారి పాడుచేశాను. అందులోనూ వంకలేనా?"

"మొదటిసారి కదా, పోనీలే," అంటూ లూషియస్ పళ్లెం ముందుకు జరిపాడు. "ఇంకో ముక్క పెట్టు."