పడవకిచ్చిన ఆరువేలు

డొలోరెస్ హుడాక్ ఇరవయ్యేడేళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో నలభై దాటిన మగాళ్ళు కూడా ఆమె కనబడితే చటుక్కున సర్దుకుని కూర్చుంటారు. రిటైరయ్యాక తోచక వంటింటి బల్ల మీద ఊరివాళ్ళ పన్ను కాగితాలు నింపిపెట్టడం మొదలుపెట్టింది. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోదు. ప్రతి మార్చిలోనూ, ఈ పని ఎందుకు నెత్తినేసుకున్నానురా భగవంతుడా అనుకుంటుంది.

ఆమె ప్రాణం తీసేది పేకాట. ఊరి ఫైర్ స్టేషన్‌లో పనిచేసేవాళ్ళంతా వలంటీర్లే. ఏటా నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం హాల్లో పోకర్ పెడతారు. మనిషికి వంద డాలర్లు. వచ్చినదాంట్లో సగం గెలిచినవాడికి, మిగతా సగం స్టేషన్‌కి. మార్చి వచ్చేసరికి ఆడినవాళ్ళందరూ ఆ వంద డాలర్ల రశీదు పట్టుకుని ఆమె వంటింట్లో హాజరు.

"మిసెస్ హుడాక్, దీన్ని చందాల్లో వేసేయండి, పన్ను తగ్గుతుంది," అన్నాడు స్టేషన్ చీఫ్ కర్ట్. ఒకప్పుడు ఆమె బస్సులో వెనక సీటు చింపినవాడు.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? వంద ఇచ్చి గెలిచే అవకాశం కొనుక్కున్నావు. కొనుక్కున్నదాన్ని దానం అనరు."

"డబ్బు స్టేషన్‌కేగా పోయింది!"

"చేపల కొట్టువాడికి ఇచ్చిన డబ్బు కూడా వాడి పిల్లల చదువుకే పోతుంది. అదీ రాయమంటావా?"

కర్ట్ రశీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరుసటి ఏడాది మళ్ళీ తెచ్చాడు.

2018లో పోకర్ పెట్టింది సరస్సు మీద మనుషుల్ని కాపాడే పడవ కోసం. పాత పడవ ఇంజను బతిమాలితేగాని కదలదు. నూట ఇరవైమంది వచ్చారు. డొలోరెస్ హాలు పక్క వంటగదిలో పెర్చ్ చేపలు వేయిస్తోంది. సాయంత్రం కావస్తుండగా హాల్లో ఒకటే గోల. యూజీన్ బాలాజ్ గెలిచాడు.

యూజీన్‌కి డెబ్బైరెండేళ్ళు. ఉక్కు మిల్లులో క్రేను నడిపి రిటైరయినవాడు. చిన్నప్పుడు డొలోరెస్ వాళ్ళ పక్కిల్లే. కర్ట్ ఆరువేల డాలర్ల చెక్కు అతని చేతిలో పెట్టాడు. ఎవరో ఫొటో తీశారు. యూజీన్ చెక్కు వెనక్కి తిప్పి, సంతకం పెట్టి, "పడవకి వేసుకోండి," అని కర్ట్‌కే ఇచ్చేశాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

డొలోరెస్ జల్లిగరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది.

"యూజీన్! ముందు ఆ చెక్కు తీసుకోవద్దు! అసలు నాకు వద్దని చెప్పు!"

"తీసుకోలేదుగా, ఇచ్చేశాను!"

"తీసుకునే ఇచ్చావు మొద్దూ!"

చప్పట్లలో ఇంకెవరికీ వినబడలేదు. గరిటెలోంచి నూనె చుక్కలు నేలమీద పడుతున్నాయి.

ఫిబ్రవరిలో స్టేషన్ పంపిన పన్ను కాగితం అతనికి అందింది. యూజీన్ ఆరువేలు గెలిచాడని అందులో ఉంది. డొలోరెస్ ఆ లెక్క మూడుసార్లు వేసింది. మూడుసార్లూ ఒకటే వచ్చింది.

"పన్నెండొందల ఆరు డాలర్లు కట్టాలి," అంది.

"ఎవరు?"

"నేను కడతానా? నువ్వే."

"నా దగ్గర పది సెంట్లు కూడా మిగల్లేదే! మొత్తం ఇచ్చేశాను!"

"గెలిచినప్పుడు అది నీ ఆదాయం. దాని వల్ల నీ వృద్ధాప్య పింఛను మీద కూడా పన్ను పెరిగింది. ఇచ్చింది దానమే, కాదనను. కానీ చందాలు ఒక్కొక్కటే రాసి తగ్గించుకునేంత ఖర్చులు నీకు లేవు. అందరికీ ఇచ్చే గంపగుత్త తగ్గింపే నీకు ఎక్కువ. అది తీసుకుంటే నీ ఆరువేలు ఎక్కడా లెక్కలోకి రావు."

"ఇదేం న్యాయం?"

"న్యాయమని నేను చెప్పానా? పన్ను అని చెప్పాను."

యూజీన్ టోపీ పెట్టుకుని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు. ఆమె టీ కప్పు సింకులో పడేసింది. అతని మీద కోపం, చట్టం రాసినవాళ్ళ మీద కోపం, ఆ రోజు ఇంకాస్త ముందే అరవనందుకు తన మీద మరీ కోపం.

రెండు రోజుల తర్వాత కర్ట్ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మిసెస్ హుడాక్, ఉపాయం దొరికింది! యూజీన్ పన్ను కోసం ఇంకో పోకర్ పెడదాం."

డొలోరెస్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"దాంట్లో గెలిచినవాడి పన్ను ఎవరు కడతారు?"

కర్ట్ కాసేపు ఆలోచించాడు. "అది... వాడూ ఇచ్చేస్తే..."

"బయటికి నడు."

ఆదివారం యూజీనే వచ్చాడు. విరాళాలు, పోకర్లు ఏమీ వద్దన్నాడు. నెలకి వంద చొప్పున కట్టుకుంటానన్నాడు. ఆమె వాయిదాల దరఖాస్తు తీసి నింపడం మొదలుపెట్టింది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు," అంది. "ఇంత అవుతుందని ముందే తెలిస్తే ఇచ్చేవాడివేనా?"

యూజీన్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. మంచు ఇంకా కరగలేదు.

"రుడీ గుర్తున్నాడా?"

ఎందుకు గుర్తులేడు. యూజీన్ తమ్ముడు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పడుతుంటే కాళ్ళ కింది మంచు పలక విరిగి, దాంతోపాటే సరస్సు లోపలికి కొట్టుకుపోయాడు. ఆ రోజు ఊరి స్టేషన్ పడవ ఇంజను కదల్లేదు. పక్క ఊరి పడవ వచ్చేసరికి రుడీ లేడు.

"ఇచ్చేవాణ్ణే," అన్నాడు యూజీన్. "నిన్ను నాలుగు తిట్టి మరీ ఇచ్చేవాణ్ణి."

డొలోరెస్ దరఖాస్తు అతని ముందుకు తోసింది. ఇంత మొండివాడికి లెక్కలు చెప్పి ఏం లాభం అనిపించింది.

"ఇక్కడ సంతకం పెట్టు," అంది విసుగ్గా. "అక్కడ కాదు. ఇక్కడ. కళ్ళజోడు తెచ్చుకోలేదా నువ్వు?"