కాంపౌండరు గారు వేసిన మేకప్

నా చిన్నప్పుడు, అయిదో తరగతిలో, నాకు ఒకే ఒక శత్రువు ఉండేది. నర్సీపట్నంలో మా పక్కింటి కాంపౌండరు గారి అమ్మాయి. బడి నాటకంలో రాణి వేషం దానికిచ్చి, పక్కన నిలబడి విసనకర్రతో విసిరే చెలికత్తె వేషం నాకిచ్చారు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

నాటకం రోజు పొద్దున్న కొయ్యూరు రోడ్డు పక్క పొదల్లో రెండు దూలగొండి కాయలు కోసి, రుమాల్లో చుట్టి తెచ్చాను. వాటి నూగు ఒంటికి తగిలితే పుట్టే దురదా మంటా ఇంతా అంతా కావు. రాణిగారి మెడ మీద కాస్త దులిపితే చాలు, వేషం నాదే అనుకున్నాను. ఇంటికొచ్చి కాయల్ని పెన్సిలు డబ్బాలో దాచాను. చెమట పట్టి ఉంది కదా, అలవాటుగా ఆ రుమాలుతోనే మొహమూ మెడా శుభ్రంగా తుడుచుకున్నాను.

నా గోల విని అమ్మ నన్ను లాక్కెళ్ళింది ఎక్కడికంటే, ఆ కాంపౌండరు గారింటికే.

"ఏటైందో తెలీదండి, బేగి సూడండి" అంది.

ఆయన నా మొహం చూశారు, పిడికిట్లోని రుమాలు చూశారు. దాన్ని పటకారుతో తీసి పొయ్యిలో పడేశారు. ప్లాస్టరు అంటించి లాగి నూగు తీశాక, గులాబీ రంగు కాలమైన్ పొడి నీళ్లలో కలిపి దూదితో రాశారు.

"రాయి నూరిన పొడమ్మా, సల్లగుంటాది. ఆరేదాకా నవ్వకు."

నవ్వే స్థితిలో లేను. ఆయన కూతురు పక్కన నిలబడి నాకు విసనకర్రతో విసురుతోంది.

కాసేపటికి కూతుర్నీ అమ్మనీ మంచినీళ్ల కోసం లోపలికి పంపి, ఆయన మెల్లగా అడిగారు.

"ఇంకా ఉన్నాయేటి?"

ఇంటికి పరుగెత్తి, పెన్సిలు డబ్బా తెచ్చి ఇచ్చేశాను.

సాయంత్రం గులాబీ మొహంతోనే స్టేజీ ఎక్కాను. ముందు వరసలో హెడ్మాస్టరు గారు, చెలికత్తెకి ఇంత మంచి మేకప్ ఎవరు వేశారని అడగడం నాకు వినిపించింది. కాంపౌండరు గారు తడుముకోకుండా "నేనేనండి" అన్నారు.

అసలు సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల తరవాత ఆయన కూతురికి నేనే చెప్పాను. "నేనెంత విసిరేనే నీకు!" అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

తరవాత నేనూ టీచర్నయ్యాను. తప్పు చేసిన పిల్లని నలుగురిలో నిలబెట్టి ఏనాడూ అడగలేదు. పక్కకి పిలిచి మెల్లగా అడిగితే చాలామంది చెప్పేసేవాళ్లు. చెప్పనివాళ్లని బలవంతపెట్టలేదు. ఇంకా మండుతున్నట్టుంది, కాసేపు ఆగుదాం అనుకునేదాన్ని.