మేడం కుంటలేదు

ఆదివారం పొద్దున్నే తార్నాక నుంచి ఫోన్ వచ్చింది. ఎం.ఏ.లో నాకు పాఠాలు చెప్పిన మా మేడం పోయారని వాళ్ళ పక్కింటావిడ చెప్పింది. రాత్రి అన్నం తిని పడుకున్నారట, తెల్లారి లేవలేదట. "నిన్న కూడా బాగానే ఉన్నారమ్మా!" అని ఆవిడ ఏడుస్తుంటే, అంత దుఃఖంలోనూ నాకు ఒళ్ళు మండింది. ఆ మాటే కదా మేడమ్‌ని ఇన్నేళ్ళూ వేధించింది!

చిన్నప్పుడు వచ్చిన జ్వరం మేడం గుండె కవాటాన్ని పాడుచేసింది. పైకి ఏమీ తెలియదు. గంజి పెట్టిన నూలు చీరలో నిండుగా ఉండేవారు. కాస్త దూరం నడిస్తే మాత్రం ఊపిరి అందేది కాదు. యూనివర్సిటీలో స్కూటర్ల స్టాండేమో మా డిపార్టుమెంటుకి ఎక్కడో దూరంగా ఉంది. అందుకని మెట్ల పక్కన పోర్టికోలో, వికలాంగులకని గోడ మీద రాసి ఉన్న చోట బండి పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. అది ఎవరికీ మింగుడుపడలేదు.

"ఏంది మేడం, మంచిగనే ఉన్నరు గద! గాడ ఎందుకు పెడ్తున్నరు?" అని విద్యార్థులు మొహం మీదే అడిగేవాళ్ళు.

"అనుమతి ఉంది నాయనా," అనేసి లోపలికి పోయేవారు. గుండె సంగతి ఎత్తేవారు కాదు. మెట్ల మధ్యలో ఆయాసం వస్తే కొంగు సర్దుకున్నట్టు నటించడం కూడా లేదు. ఆగేవారు, అంతే. ఒకసారి ఎవరో టైర్లలో గాలి తీసేశారు. ఆ సాయంత్రం ఆటోలో ఇంటికెళ్ళి, మర్నాడు గాలి కొట్టించుకుని మళ్ళీ అక్కడే పెట్టారు. ఎంత మొండి మనిషో!

వాచ్‌మన్‌కి పాపం ఆవిడంటే అభిమానం. "జర కుంటుకుంట రాండ్రి మేడం, ఎవ్వరు అడగరు," అని ఉపాయం చెప్పాడు.

మేడం పకపకా నవ్వారు. "లేని కుంటు యాడ తెచ్చేదప్పా? మా అనంతపురంలో గూడా అమ్మరే!"

ఆవిడకి పనికిరాని ఆ ఉపాయం నాకు పనికొచ్చింది. అప్పుడు నేను ఎం.ఏ. మొదటి సంవత్సరం. కీళ్ళవాతం. కొన్ని రోజులు మోకాళ్ళు బిగుసుకుపోయి గడప దాటడమే గగనమయ్యేది, కొన్ని రోజులు నొప్పే ఉండేది కాదు. స్టాండు నుంచి ఈడ్చుకుంటూ వచ్చేసరికి క్లాసు సగం అయిపోయేది. హాజరు చాలదు, పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు. చదువు మానేద్దామనుకున్నాను. మేడం ఊరుకుంటేనా! చెయ్యి పట్టుకుని ఆఫీసుకు లాక్కెళ్ళి నా మోపెడ్‌కి కూడా పోర్టికోలో చోటు ఇప్పించారు.

చోటైతే దొరికింది కానీ, మెట్ల మీద కూర్చున్నవాళ్ళ చూపులకి ప్రాణం చచ్చిపోయేది. నొప్పి లేని రోజు కూడా కుంటుతూ ఎక్కేదాన్ని. ఒకరోజు ఏ కాలు కుంటాలో మరిచిపోయి, సగం మెట్లు ఎడమ కాలితో, సగం మెట్లు కుడి కాలితో కుంటుతూ ఎక్కాను! చూస్తే వెనకే మేడం.

"ఈ పొద్దు నొప్పి ఉందా?"

"లేదు మేడం."

"మరి ఎందుకట్ల కుంటుతాండావు?"

"వాళ్ళు చూస్తున్నారు మేడం."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మెట్టు మీదే ఆగి ఊపిరి కూడదీసుకున్నారు. "నొప్పి ఉన్న పొద్దు ఎట్లాగూ నీ చేతిలో లేదు. లేని పొద్దన్నా హాయిగా నడువు. దాన్ని గూడా వాళ్ళకిచ్చేస్తే నీకేం మిగుల్తుంది తల్లీ?"

ఆ సాయంత్రం తార్నాకలో వాళ్ళింటికి తీసుకెళ్ళారు. పొయ్యి దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని మరమరాలతో ఉగ్గాని చేసి పెట్టారు. చదువు మానే మాట మళ్ళీ నా నోట రాలేదు. ఆవిడ లేకపోతే ఇవాళ అదే డిపార్టుమెంటులో నేను పాఠం చెబుతూ ఉండేదాన్ని కాదు. ఆ రుణం ఎప్పటికీ తీరదు.

సంతాప సభ రోజున పోర్టికోలో బండి పెట్టి దిగాను. కొత్తగా చేరిన పిల్లలు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "మేడం మంచిగనే ఉన్నది గదరా!" అని ఒకడు పక్కవాడితో అనడం వినపడింది. నిజమే, ఆ రోజు మోకాళ్ళు బాగున్నాయి. కళ్ళు తుడుచుకుని, వాళ్ళ మధ్య నుంచే చకచకా మెట్లెక్కాను.