చోక్ లేని బండి

మా మామ స్పానర్ల పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్ను ఎరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు. నవ్వనివ్వండి.

సకల జనుల సమ్మె రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. బోరబండలో నేనుండే ఇంటి పై వాటాలో ఒక నర్సు కిరాయికి ఉండేది. గుంటూరు వైపు మనిషి, డ్యూటీ గచ్చిబౌలి దవాఖానలో. నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు క్యాంటీన్ చూసుకునేవాణ్ణి. చేతులు మారి మారి నా దగ్గరికొచ్చిన చిన్న కారు ఒకటి ఉండేది. నాకు పెళ్లి కాలేదు, ఆమెకూ కాలేదు. వీధిలో అందరూ ఆమెను సిస్టర్ అని పిలిచేవారు. నేను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

పొద్దున్నే నేనూ అటే పోతాను, దింపుతానని చెప్పాను. నా ఆఫీసు ముందే వచ్చేస్తుందని చెప్పలేదు. మొదటి రోజు ఆమె వెనక తలుపు తీసి వెనక సీట్లో కూర్చుంది. పరాయి మగవాడి బండిలో పెళ్లికాని ఆడమనిషి కూర్చునే చోటు అదే. తప్పేమీ లేదు. ఖాళీగా ఉన్న ముందు సీటు మాత్రం ఆ రోజంతా నా కళ్లముందే ఉంది.

మరునాడు చోక్ సంగతి ఎత్తాను. కార్బురేటర్ ఉన్న పాత కార్లకు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పెట్రోల్ కాస్త ఎక్కువ అందాలి. డ్యాష్‌బోర్డులో ఒక నాబ్ ఉంటుంది. దాన్ని బయటికి లాగితే బండి దగ్గి, మూలిగి లేస్తుంది. వేడెక్కాక లోపలికి తోసేయాలి. అదే చోక్.

"దీని స్ప్రింగు పోయింది మేడం. వదిలితే లోపలికి పోతది. నేను స్టీరింగ్ పట్టాల్నా, దీన్ని పట్టాల్నా?"

దానికి అసలు స్ప్రింగే లేదు. లోపలికి జారిపోయేలా ముందురోజు నాబ్ కాడకు కొబ్బరినూనె రాసింది నేనే. ఆమె దిగి, ముందుకొచ్చి కూర్చుని, నాడి చూస్తున్నట్టు రెండు వేళ్లతో నాబ్ పట్టుకుంది.

"ఎంతసేపు పట్టుకోవాలండి?"

"వేడెక్కేదాక."

"ఎప్పుడు వేడెక్కుద్దండి?"

"గది దాని ఇష్టం."

కొత్తగూడ చౌరస్తా దాటేదాకా దానికి ఇష్టం కలిగేది కాదు. వెనక నల్లటి పొగ. పెట్రోల్ నీళ్లలా పోయేది. పోనీ అనుకున్నాను.

ఆ చౌరస్తాలోనే జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు ఆపేవాళ్లు. "నర్సమ్మను దింపొస్త తమ్మీ" అంటే వదిలేవాళ్లు. మాట యాస పట్టిస్తుందని ఆమె నోరు విప్పేది కాదు. ఒకరోజు ఏమనుకుందో, అద్దం దించి "జై తెలంగాణ అండి" అంది. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. "అండి తీసెయ్ అక్కా, సరిపోతది" అన్నాడొకడు. గచ్చిబౌలి దాకా ఆమె నవ్వుతూనే ఉంది. నాబ్ మాత్రం వదల్లేదు.

నాకున్న రోగం గొప్పలు. "బండికి ఆయాసం అనుకుంటానండి" అని ఆమె ఒకసారి పొగ చూసి జాలిపడేసరికి పౌరుషం వచ్చింది.

"ఇంజెక్షన్ పెట్టిస్తున్న మేడం. రేసు బండ్లకు పెట్టేది."

"నాతో చెబితే నేనే వేసేదాన్నిగా అండి."

అవే గొప్పలు మా మామ దగ్గరా కొట్టాను. ఆయనకు బోరబండ స్టేషన్ దగ్గర మెకానిక్ షెడ్ ఉండేది. బంద్‌లతో గిరాకీ లేక కూర్చున్నాడేమో, నా మాట నిజంగానే పట్టుకున్నాడు. గుద్దుకుని తుక్కైన ఒక కొత్త కారు నుంచి, కార్బురేటర్ బదులు పెట్రోల్‌ను సూదిమందులా చిమ్మే ఇంజెక్షన్ సెట్టంతా తెచ్చాడు. సగం దించిన షట్టర్ వెనక పని మొదలైంది. కార్బురేటర్ ఊడింది. ట్యాంకులో కొత్త పంపు దిగింది. గాలినీ వేడినీ చూసుకుని పెట్రోల్ ఎంత చిమ్మాలో లెక్కగట్టే చిన్న కంప్యూటర్ డబ్బా సీటు కింద చేరింది. నేను ఉత్సాహంగా స్పానర్లు అందిస్తున్నాను. అంతలో మామ ఒక పొడుగాటి కేబుల్ లాగి నేలమీద పడేశాడు.

"గదేంది మామా?"

"చోక్ కేబుల్. ఇగ దీనితోని పనిలేదు."

"మరి పొద్దుగాల బండి ఎట్ల లేస్తది?"

"కంప్యూటరే చూసుకుంటది. ఏంరా అల్లుడా, మొఖం గట్ల పెట్టినవ్?"

"జర పాతదే పెడదామా?"

"ఎందుకురా?"

నాబ్ అయినా ఉంచమన్నాను, డ్యాష్‌బోర్డులో ఖాళీ పొక్క కనిపిస్తే బాగుండదని. ఉంచాడు. దాని వెనక ఇప్పుడేమీ లేదు.

మర్నాడు తాళం తిప్పీ తిప్పకముందే బండి లేచింది. దగ్గు లేదు, పొగ లేదు. ఆమె ముందు తలుపు మీద చెయ్యి వేసి ఆగింది.

"చోక్ పట్టుకోవాలాండి?"

అన్ని అబద్ధాలాడిన నోరు ఆ పూట గొప్పకు పోయి నిజం చెప్పింది. "అవసరమే లేదు మేడం, అంతా కంప్యూటరే."

"మంచిదండి" అని ఆమె వెనక తలుపు తీసింది.

బండి ఏం పరుగు తీసిందని. గేరు మార్చేలోపు గచ్చిబౌలి దాటిపోయి, వెనక్కి తిరిగి రావలసి వచ్చింది. ముప్పావుగంట దారి పావుగంటకు దిగింది. మామను అందరూ మెచ్చుకున్నారు. అద్దంలో నాకు ఆమె నుదురు, ఒక కన్ను కనిపించేవి, ఆ పావుగంట.

సమ్మె ముగిసింది. బస్సులు నడిచాయి, ఆమె బస్సెక్కింది. రాష్ట్రం వచ్చేనాటికి సొంతూరి దగ్గరే ఉద్యోగం దొరికింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు లింగంపల్లి స్టేషన్‌కు నేనే తీసుకెళ్లాను. సామానంతా వెనక పెట్టించి, ముందు తలుపు తీసుకుని కూర్చుంది. రెండు వేళ్లతో నాబ్ బయటికి లాగి పట్టుకుంది. హఫీజ్‌పేట దాటినా వదల్లేదు.

"ఇంకా వేడెక్కలేదాండి?"

"లేదు" అన్నాను.

స్పానర్ల పెట్టె మీద ప్రమాణం చేశాను కనుక చెప్పక తప్పదు. స్టేషన్‌కు తీసుకెళ్లింది నిజం, ముందు సీటు నా కల్పన. ఆమె ఒళ్లో సంచి పెట్టుకుని వెనకే కూర్చుంది. దిగేటప్పుడు "బండి బాగా చేయించుకున్నారండి, చప్పుడే లేదు" అంది. తిరిగొస్తూ నాబ్ లాగి చూసింది నేను. వదిలినా లోపలికి పోలేదు, అలాగే బయట ఉండిపోయింది.

మిగతాదంతా నిజం. గచ్చిబౌలి దాటిపోయి వెనక్కి రావడం కూడా.